నాగన్న ఎడమ కన్ను

"అన్నా, కండ్లు తెరువు. నిద్రపోతే ఫోటో ఎట్ల తీసేది?"

రెబెకా మాటకు నాగన్న ఉలిక్కిపడి రెప్పలెత్తాడు. గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఒళ్లో ఉరుము. మబ్బులు కమ్ముకొచ్చినట్టు గుర్రుమనే ఆ వాద్యాన్ని గుత్తి చుట్టుపక్కల ఆయనలా పలికించేవాళ్లు లేరు. అనంతపురంలో జానపద కళాకారుల ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. దానికి ఆయన ఫోటో కావాలి. గుత్తిలో స్టూడియో నడిపే రెబెకా అందుకే కారేసుకొని ఈ పల్లెకు వచ్చింది.

జాతర దీపాలకు తీగలు లాగుతున్నారని ఊళ్లో కరెంటు ఆపేశారు. ఆమె చేతిలో ఉన్నది బ్యాటరీతో వెలిగే చిన్న లైటు ఒక్కటే. వాకిలికి ఆయన భార్య తిప్పమ్మ ఇచ్చిన తెల్ల పంచె కట్టి మధ్యాహ్నపు ఎండను మెత్తబరిచింది. లైటును నాగన్నకు కుడివైపు స్టూలు మీద నిలబెట్టింది. ముఖంలో ఎడమ సగం నీడలోకి జారిపోయింది. ఆ ముడతలకు అదే అందం.

"పుల్ల ఎత్తి పట్టుకో అన్నా. వాయించబోతాన్నట్టు."

ఉరుము తోలు మీద రాసే వంకర పుల్లను నాగన్న కుడిచేత్తో ఎత్తాడు. అది వేళ్లలోంచి జారి బండల మీద పడింది. రెబెకా తీసిచ్చింది. మళ్లీ జారింది.

"చెయ్యి తిమ్మిరెక్కినట్టుండాది," అన్నాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది.

వంటింట్లోంచి తిప్పమ్మ తొంగిచూసింది. "నిన్న బండి మీద నుంచి పడినాడు పాపా. చెవి ఎనక బొప్పి కట్టింది. పసుపు పెట్టినా. పొద్దున్నుంచి తలనొప్పి అని ఒకటే పడక. నువ్వొచ్చినావని లేపినా."

రెబెకా నాలుగు ఫోటోలు తీసి, ఎప్పటిలాగే కెమెరా తెర మీద ఆయన కళ్లను పెద్దవి చేసి చూసుకుంది. కళ్లు పదునుగా రాకపోతే ఆ ఫోటో దండగ. కళ్లు పదునుగానే వచ్చాయి. కాని కుడి కంటిపాప ఆవగింజంత ఉంది. ఎడమది మిరియపు గింజకన్నా పెద్దగా, నల్లగా తెరుచుకొని ఉంది.

నీడ వల్లేమో అనుకుంది. ఆ వెంటనే అక్క గుర్తొచ్చింది. రూతు అనంతపురంలో నర్సు. తలకు దెబ్బ తగిలి వచ్చినవాళ్ల కళ్లలోకే ముందు టార్చి వేస్తామని ఎన్నోసార్లు చెప్పింది. రెబెకా తెరను సెల్‌తో ఫోటో తీసి పంపింది. పంపీ పంపగానే ఫోన్ మోగింది.

"ఎవరే ఈయన? తలకు దెబ్బ తగిలిందా?"

"నిన్న బండి మీద నుంచి పడినాడంట. ఎడమ పక్క నీడ ఉండాది కదక్కా, దానికేమో..."

"వెలుగు ఒక కంటి మీద పడినా రెండు పాపలూ ముడుచుకోవాల. లైటు ఆ పక్కకు మార్చి చూడు."

రెబెకా లైటును ఎడమవైపు తెచ్చి కంటికి దగ్గరగా పట్టింది. నాగన్న ముఖం చిట్లించాడు. ఎడమ కంటిపాప మాత్రం కదల్లేదు.

"ముడుచుకోలేదక్కా."

రూతు గొంతు మారిపోయింది. "పుర్రె లోపల నెత్తురు గడ్డ కడతాంది. అది మెదడును నొక్కుతాంది. తీసెయ్యకుంటే మనిషి దక్కడు. నీ కారు ఉండాది కదా, ఎక్కించుకొని వచ్చెయ్. ఆపరేషన్‌కు నేను చెప్పి పెడతా. నిద్ర మాత్రం పోనీయొద్దు."

విషయం వినగానే తిప్పమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. నాగన్న మాత్రం ఎడమచేత్తో తన కుడి మణికట్టు ఎత్తి చూపించాడు. పసుపు దారం, దానికి పసుపు కొమ్ము.

"కంకణం కట్టించుకొన్నా పాపా. అమ్మవారు ఊరు తిరిగి గుడి చేరేదాకా పొలిమేర దాటకూడదు. ఉరుము మోగకుంటే ఆ తల్లి గుడి వదిలి కదలదు. పొద్దు గుంకితే ఊరేగింపే. రేపు వస్తాలే."

"రేపటికి నువ్వుండవన్నా!"

అప్పుడే పంచె పక్కకు తప్పించి గుడి పెద్ద రామప్ప లోపలికి వచ్చాడు. "ఏమప్పా, ఫోటోల సోకు అయిపోయిందా? గుడి కాడ అందరూ కాచుకొనుండారు."

రెబెకా చెప్పింది. ఆయన సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎండదెబ్బకు కండ్లు అట్లే ఉంటాయి. కట్టిన కంకణం మధ్యలో విప్పేది మా ఊర్లో లేదు. చర్చికి పోయేదానివి, మా అమ్మవారి కట్టుబాటు నీకేం తెలుసు?"

"నాకు తెలీదన్నా. కన్ను చూడు, నీకే తెలుస్తాది." లైటు మళ్లీ నాగన్న ముఖం మీదికి తిప్పింది. రామప్ప చూశాడు. చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. అయినా గుమ్మానికి అడ్డం తొలగలేదు.

"రామప్పా." తిప్పమ్మ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఈయన ఊర్లోనే పోతే ఏమైతాది?"

"అట్లాంటి మాటలెందుకు మే?"

"మైల పడతాది. మైల ఊర్లో అమ్మవారిని ఎత్తుతావా? జాతర ఆగిపోతాది. విప్పు కంకణం. విప్పి నాకు కట్టు."

"ఆడమనిషి ఉరుము పట్టేదేంది?"

"మోగాలన్నారు. ఎవరి చేతిలో మోగాలనో తల్లి ఏమన్నా చెప్పిందా నీకు?"

నాగన్న నవ్వబోయాడు. పెదవి ఒకవైపే కదిలింది. "నీకు దరువు వరుసలు యాడొస్తాయి మే?"

"నిద్రలో కూడా నా వీపు మీదనే కదయ్యా వాయించేది. ముప్పై ఏండ్లు. రాకుండా ఉంటాయా?"

రామప్ప కాసేపు పళ్లు కొరుక్కున్నాడు. తర్వాత వంగి ముడి పట్టుకున్నాడు. ముడి ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఆ దారాన్ని తిప్పమ్మ చేతికి కట్టాడు. ఆమె ఉరుము భుజాన వేసుకుంది. భర్తను కారు దాకా పట్టుకొని నడిపించి, తలుపు వేసి, వెనక్కి తిరగకుండా గుడి వైపు నడిచింది.

కారు పొలిమేర దాటింది. హైవే ఎక్కాక రెబెకా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తియ్యలేదు.

"అన్నా, వాయించు. ఎదురుగా ఉండేదే ఉరుము అనుకో."

నాగన్న ఎడమచేత్తో డ్యాష్‌బోర్డు మీద దరువు మొదలుపెట్టాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. లారీలు వెనక్కి పోతున్నాయి. దరువు నెమ్మదించింది. ఆగింది.

"ఏమన్నా, ఆగినావు?"

"ఇంటాండా... తిప్పమ్మ యాడన్నా వరుస తప్పుతాదేమో అని."

అనంతపురం ఇళ్లు కనబడేసరికి ఆయన పలకడం మానేశాడు. రెబెకా భుజం పట్టి కుదిపింది. తల కిటికీకి కొట్టుకుంది తప్ప కళ్లు తెరుచుకోలేదు. హారన్ మీద చెయ్యి పెట్టి, ఎర్ర లైటు పడినచోట కూడా ఆపకుండా పోయింది. ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్‌తో రూతు నిలబడి ఉంది. తలుపు తీయడం, ఎత్తడం, పరుగు.

దీపాలు పెట్టాక ఎప్పటికో రూతు బయటికి వచ్చి మాస్కు కిందికి లాగింది. చెప్పాల్సింది చెప్పింది. రెబెకా గోడకు చేరగిలబడి తిప్పమ్మకు ఫోన్ చేసింది.

ఎత్తింది రామప్ప. ఆయన గొంతు వెనక ఉరుము ఊరంతా దద్దరిల్లేలా మోగుతోంది.

"తిప్పమ్మక్కకు ఇయ్యన్నా!"

"యాడ ఇచ్చేది? ఆమె చేతులు ఖాళీ లేవు. అమ్మవారు బజారు మధ్యలో ఉండాది!"

"నాగన్న దక్కినాడు. పేరు చెప్పినాడు. కుడిచేతి వేళ్లు కదిలించినాడు. ఆమె చెవిలో చెప్పు."

ఉరుము మోత దగ్గరైంది. మళ్లీ దూరమైంది.

"ఇప్పుడు చెప్తే ఆమె వాయించలేదు పాపా. తల్లి గుడి చేరనీ, చెప్తా."

రెబెకా సరేనంది. ఫోన్ పెట్టేయబోతుంటే అటువైపు ఉరుము ఉన్నట్టుండి ఆగిపోయింది. జనం గోల వినిపించింది.

"ఏమైందన్నా?"

"చెప్పేసినా," అన్నాడు రామప్ప. "నా వల్ల కాలేదు. ఏడుస్తాంది. పల్లకీ మోసేటోళ్లు నిలబడిపోయినారు."

"మరి అమ్మవారు?"

"నిలబడనీ లే పాపా," అన్నాడాయన. "రోంతసేపు."