అంచు పట్టీ వద్దు

మెత్తగా ఉన్నదల్లా సుఖం కాదని ఇప్పుడు తెలుస్తోంది, ఈ నమూనా సీటు మీద కూర్చోగానే అబ్బ అనిపించింది, అంతలోనే కిందికి దిగబడిపోయాను, అడుగున రేకు తగిలింది, మోకాళ్లు రెండూ లేచి హ్యాండిల్‌ని తాకేట్టున్నాయి, ఆరడుగులు దాటినవాడు ఇలా ముడుచుకుని కూర్చుంటే చూసేవాళ్లకి కప్పలా ఉంటాడు, ఉక్కారుంగ సార్, ఇన్నుం కొంచెం పిన్నాడి అంటున్నాడు బండి సీట్లు కుట్టే కుషన్ కడ రాజేంద్రన్, ఇంకాస్త వెనక్కి జరగమని, జరిగితే సీటు వాలుకి మళ్లీ ముందుకే జారి ట్యాంకుకి ఆనుకుంటున్నాను, పొద్దున ఈ ఆర్.ఎస్. పురం సందులోకి బండి తెచ్చి నిలిపినప్పటి నుంచీ సార్ సార్ అంటూనే ఉన్నాడు, తమిళంలో మర్యాద ఎంత సులువుగా దొరుకుతుందో, పేరు కూడా అడక్కుండానే సార్, మాది తెలుగని ఇతనికి తెలియదు, మేం ఇంట్లో మాట్లాడే తెలుగే మా పణ్ణాడి ఇంట్లోనూ మాట్లాడతారనీ తెలియదు, పణ్ణాడి అంటే మా నాయిన పనిచేసే తోటకి యజమాని, చెన్నకేశవన్, ఆయన నోట్లో అదే తెలుగు మాకోసం ఏమిరా అనీ ఒరే పొడుగోడా అనీ తప్ప తిరగదు, దొర, సామి రెండూ కలిపి దురైసామి అని మా వాళ్లు పెట్టిన పేరు ఆయనకి గొంతులో అడ్డం పడుతుంది కాబోలు, మిల్లులో ఓవర్‌సీర్ పిలుస్తాడు ఆ పేరుతో, హాజరు పిలిచేటప్పుడు రోజూ, ఆకాశం ఏమీ విరిగి పడలేదు, ఇక్కడ రాజేంద్రన్‌కి మాత్రం ఈ గొడవలేవీ పట్టవు, నా తుంటి ఎక్కడ ఆనుతోంది, మోకాలు ఎంత లేస్తోంది, అదొక్కటే అతని పని, ఎంత హాయిగా ఉందో.

ఇది మీకు పనికిరాదు సార్ అన్నాడు, మెత్తటి సీటు మొదట్లో బాగుంటుంది, పీలమేడు దాకా కూడా బాగుండదు, ఎత్తు పెంచాలి, గట్టి ఫోమ్ వేయాలి, వెనక్కి జరపాలి, అప్పుడే మోకాలు తుంటికి కిందగా వస్తుంది, మరి మీరేమో తగ్గుగా కావాలంటున్నారు, పొడుగాటివాళ్లు చాలామంది ఇలాగే అడుగుతారు సార్, ఎందుకో మరి అన్నాడు, ఎందుకో నాకు తెలుసు, చెప్పలేదు, పొద్దున ఇంటి నుంచి బయల్దేరుతుంటే నాయిన వెనకాలే వచ్చాడు, ఎప్పట్లాగే నడుం వంగి, నా భుజం దాకా కూడా రాడు ఆయన, నీ పొడుగు నీ మేనమామదిరా అంటారు అందరూ, నాయిన మాయాండి ముందు నించీ అంతే, ముడుచుకున్న మనిషి, కొత్త సీటు వేయించుకుంటావంటనే నాయినా అన్నాడు, వేయించుకో, రవంత కిందికి ఉండేట్టు చూసుకో, ఊరంతా కనబడేట్టు ఏల, సరే అన్నాను, నాయిన మాటకి సరే అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, అలవాటుకి వంద దండాలు పెట్టాలి, మిల్లులో చేరేటప్పుడు డాక్టరు గోడకి నిలబెట్టి ఎత్తు కొలిస్తే అప్పుడూ ఇంతే, బయట కాచుకున్న నాయిన అడిగాడు, ఎంతని చెప్పినారు, చెప్పాను, అంత ఉందని ఎవురితోనూ అనబాక అన్నాడు, ఎత్తేదో దొంగసొమ్ము అయినట్టు.

ముందే విప్పి నేల మీద పెట్టిన నా పాత సీటుని రాజేంద్రన్ తిప్పి చూశాడు, ఎడం వైపు అంచు మీద బొటనవేలు రాస్తున్నాడు, రెగ్జిన్ అక్కడ చిరిగి, కింద కొబ్బరి పీచు కూడా అరిగి, నున్నగా గుంటపడి ఉంది, కుడి అంచు కొత్తదానిలా ఉంది, మీరు తపాలా పనా సార్ అన్నాడు, కాదు మిల్లు, స్పిన్నింగ్, మరి పాలు పోస్తారా, కాదు, ఎందుకడుగుతున్నారు అన్నాను, ఎడం అంచు ఇట్లా అరిగిందంటే మాటిమాటికీ దిగుతారని అర్థం సార్, తపాలావాళ్లది, పాలవాళ్లది ఇట్లా అరుగుతుంది, తొడ రాసుకుని రాసుకుని, మిల్లుకి వెళ్లి వచ్చే మనిషికి రోజులో దిగేది ఎన్నిసార్లు, నొప్పి ఎక్కడ ఉందన్నారు, మోకాళ్లా, నడుమా, రెండూ అన్నాను, నడుం ఎక్కడ, చూపించాను, ఎడంవైపు కింద, వేలితో నొక్కాడు, ఇది కూర్చుంటే వచ్చే నొప్పి కాదు సార్, మోకాలి నొప్పి నా సీటుతో పోతుంది, ఇది బండిని వంగి తోసేవాళ్లకి వచ్చేది, స్టార్టింగ్ ట్రబులా, మెకానిక్‌కి చూపించండి, అవును స్టార్టింగ్ ట్రబులే అనేశాను, నాలుక ఎంత తొందరగా అబద్ధం ఆడిందో, బండికి ఏ ట్రబులూ లేదు, ఒక్క తన్నుకి పలుకుతుంది, ట్రబులు ఉన్నది మా దారిలో, మా కాలనీ నుంచి బండి అవినాశి రోడ్డెక్కాలంటే ఒకటే దారి, పణ్ణాడి వీధి, ఆ వీధి ఈ మూల దిగాలి, ఆ మూల ఎక్కాలి, మధ్యలో ఇంజను ఆపి తోసుకుంటూ పోవాలి, షిఫ్టుకి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ, వానలోనూ, రాత్రంతా నిలబడి దారాలు అతికి అతికి కాళ్లు పట్టేసిన తెల్లారుజామునా.

గట్టిగా తిట్టి చెప్పి ఉంటే ఆనాడే తేలిపోయేది, తిట్టలేదు, నవ్వుతూ చెప్పాడు చెన్నకేశవన్, అరుగు మీద పేపరు మడిచి, బండి కొన్నావంటనే పొడుగోడా, మంచిది, బాగుపడినావు, మన ఈదిలో మాత్రం దిగి తోసుకుని పో, పిల్లకాయలు ఆడుకుంటా ఉంటారు, అంతే, పిల్లకాయలట, ఆయన తమ్ముడి కొడుకు అదే వీధిలో బుల్లెట్టు మీద కోడిపిల్లల్ని తొక్కేసేట్టు పోతాడు, అప్పుడు పిల్లకాయలు ఎక్కడికి పోతారో, ముందు సైకిలు దిగినాం, దానికి ముందు మా తాత చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు, ఆ చెప్పులు కుట్టింది తాతే, పణ్ణాడికి కుట్టిందీ తాతే, బావికి తోలు బాన కుట్టిందీ ఆయనే, ఆ బానతో తోడిన నీళ్లతోనే ఆ తోట పండింది, ఇప్పుడు బావికి కరెంటు మోటారు వచ్చింది, ఊళ్లోకి మిల్లు వచ్చింది, సంగు, అదే మిల్లు సైరను, కూస్తే అందరం ఒకే గేటులో దూరుతున్నాం, దిగడం మాత్రం అలాగే ఉంది, నాకు కోపం వస్తోంది, ఇప్పుడు, ఈ కడలో, నా చిరిగిన సీటు ముందు కూర్చుని, ఇన్నాళ్లూ రాని కోపం.

పుష్పానికి మొదటి రోజే వచ్చింది, నా భార్య, అదే మిల్లులో రీలింగులో పని, బండి తెచ్చిన నాడు బొట్టు పెట్టి నిమ్మకాయ తొక్కించి, ఎక్కు అంటే వెనకాల ఎక్కి కూర్చుంది, చీర కుచ్చిళ్లు సర్దుకుని, భుజం మీద చెయ్యి వేసి, వీధి మూల రాగానే నేను ఆపాను, ఏమయ్యింది మామా అంది, దిగు అన్నాను, ఏల, దిగు, చెప్తా, దిగింది, నేను తోస్తుంటే పక్కన నడిచింది, ఆ మూల దాటాక ఎక్కమంటే ఎక్కలేదు, దిగే బండి నేనెక్కను మామా, నడిచేదానికి నాకు కాళ్లున్నాయి అంది, అంతే, ఆ రోజు నుంచి చెరువుగట్టు మీదుగా నడిచి బస్సుకి పోతోంది, నేను బండి మీద, మొగుడూ పెళ్లామూ ఒకే మిల్లుకి రెండు దారుల్లో, ఎందుకట్లా అని సాటివాళ్లు అడిగితే దానికి బండి అంటే భయం అని చెప్పాను, చూడు, అదీ అబద్ధమే, భయం ఎవరిదో నాకు తెలుసు, నాదీ కాదు నిజానికి, నాయినది, ఆడ తిండి తింటా ఉండాను నాయినా, నా కోసరం దిగు అన్నాడు నాయిన, కళ్లల్లోకి చూడకుండా, ఆయన భయాన్ని నేను రోజుకి రెండుసార్లు తోసుకుంటూ పోతున్నాను, పణ్ణాడి రేపు తోటలో పని లేదంటాడు, అంటే అననీ, మా ఇంట్లో ఇద్దరి జీతం ఉంది, నాయినకి అన్నం ఉంది, చుట్టకి పొగాకు ఉంది, ఇంకేం తీసుకుంటాడు మా దగ్గర, ఏం మిగిలిందని, నడుం తప్ప.

సార్, ఇప్పుడు చూడండి అని రాజేంద్రన్ చెక్క మీద ఫోమ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు, అడుగున గట్టిది, పైన పల్చగా మెత్తది, దాన్ని బండి మీద పెట్టి ఎక్కమన్నాడు, ఎక్కాను, మోకాలు దిగింది, తొడ కింద చెయ్యి వేసినట్టు ఆనింది, వీపు దానంతట అదే నిటారుగా అయింది, నేనేమీ చేయలేదు, సందు చివర దాకా కనబడింది, ఎవరింటి మేడ మీదో ఆరేసిన చీర కూడా, ఇది బాగుంది అన్నాను, ఇంకా పెంచనా అన్నాడు, పెంచండి అన్నాను, రెండు వేళ్ల మందం, వెనకాల కూర్చునేవాళ్లు ఉన్నారా, ఉన్నారు అన్నాను, వాళ్లకి కూడా గట్టిగా, సమంగా వేయండి, చీర కట్టుకుని పక్కకి కూర్చుంటుంది, సరే సార్, ఇంకొకటి, ఎడం అంచుకి తోలు పట్టీ కుట్టమంటారా, మీలాగా మాటిమాటికీ దిగేవాళ్లకి కుట్టి ఇస్తాను, లేకపోతే ఈ అంచు మళ్లీ ఇట్లాగే పోతుంది, చేతిలో పట్టీ పట్టుకుని అడుగుతున్నాడు, మంచి తోలు, వాసన చూస్తేనే తెలుస్తుంది నాకు, మా తాత చేతుల వాసన, కుట్టమంటే దిగుతానని అర్థం, ఈ సీటు ఉన్నన్నాళ్లూ, ఇది చిరిగాక ఇంకోదాని మీద నుంచీ, వద్దు అన్నాను, చిరుగుతుంది సార్, చిరగదు, పట్టీ వద్దు.

కుట్టు మిషను చప్పుడు, బంక వాసన, రెగ్జిన్ లాగి మేకులు కొట్టడం, సాయంత్రం అయింది, సెలవు రోజు సాయంత్రం అరుగులన్నీ నిండుగా ఉంటాయి, ఉండనీ, దారిలో పీలమేడు దాటుతుంటే ఎన్ని సంగతులు బుర్రలో, ఇవాళ కాదు రేపు చూద్దాం అని ఒకటి, చీకటిపడ్డాక వెళ్తే ఎవరూ చూడరు అని ఒకటి, చీకట్లో దిగకపోతే అది దిగకపోవడం ఎలా అవుతుంది, వెలుతురుండగానే వెళ్లాలి, గేరు తగ్గించి, మెల్లగా, పిల్లకాయలుంటే వాళ్లకి దారి ఇచ్చి, నేనేమీ ఆ బుల్లెట్టు వాణ్ణి కాను, ఇదిగో మూల, రోజూ కుడి కాలు దానంతట అది లేచే చోటు, ఇవాళా లేవబోయింది, దొంగకాలు, అదిమిపట్టాను, బండి వీధిలోకి దూరింది, ఇంజను చప్పుడు గోడలకి తగిలి రెట్టింపై వస్తోంది, అరుగు మీద చెన్నకేశవన్ పేపరు దించాడు, తల ఎత్తి చూడాల్సి వచ్చింది ఆయనకి, ఏమిరా పొడుగోడా, దిగే పని లేదా అన్నాడు, ఆపాను, ఇంజను ఆపలేదు, కాలు నేలకి ఆనించి, కూర్చునే, తమిళంలో చెప్పొచ్చు, చెప్పలేదు, ఆయనదీ నాదీ అయిన మాటలోనే చెప్పాను, కొత్త సీటండీ, దిగితే అంచు అరిగిపోతుందంట, పట్టీ వేయించలేదు, దిగను, నా పేరు దురైసామి, భయం లేదని ఎవరన్నారు, ఉంది, ఉన్నా కూర్చునే ఉన్నాను.

అప్పుడు ఆయన ఇంటి పక్క కళ్లం గోడ మీదుగా ఒక తల కనబడింది, నిలువెత్తు గోడ అది, తోసుకుంటూ పోయే రోజుల్లో దాని అడుగురాళ్లు తప్ప పైభాగం నేనెప్పుడూ చూడలేదు, ఆ గోడకి అవతల నిలబడితే మామూలు మనిషి తల కనబడదు, ఎవరీ పొడుగాటాయన అనుకున్నాను, పణ్ణాడి చుట్టమేమో, ఊరికి కొత్తేమో, నెరిసిన గడ్డం, జొన్న పొట్టు అంటుకున్న జుట్టు, చేతిలో చీపురు కర్ర, గోడ మీద గడ్డం ఆనించేంత ఎత్తులో నిలబడి నన్నే చూస్తున్నాడు, దిగమని కళ్లతో చెప్పడం లేదు, తల అడ్డంగా ఊపడం లేదు, చూస్తున్నాడు, అంతే, రాయి ఏదైనా ఎక్కాడా అనుకుంటూ గేరు వేసి, కళ్లం వాకిట్లోంచి పక్కకి చూస్తే కాళ్ల కింద ఏమీ లేదు, ఒట్టి నేల, ఆరబోసిన జొన్నల మధ్య నడుం నిటారుగా నిలిపి మా నాయిన మాయాండి, నా అంత ఎత్తు, ఇంకో వేలెడు ఎక్కువేనేమో, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆయన ఎత్తు నాకు తెలియదు, నా పొడుగు మేనమామది కాదు.