జాబితాలో మొదటి పేరు

మా అక్క కొడుకు ఓత్సో మంచు మీద బాగా ఆడతాడని నేనూ ఒప్పుకుంటాను. హాకీ కర్ర చేతిలో ఉన్నంతసేపూ వాడంత తెలివైనవాడు మా కివిసల్మిలో ఇంకొకడు పుట్టలేదు. కర్ర పక్కన పెట్టేటప్పుడు ఆ తెలివిని కూడా దాని పక్కనే పెట్టేసి వస్తాడు. పదమూడేళ్ళు హెల్సింకీలోనూ స్విట్జర్లాండులోనూ ఆడి, మోకాలు అరిగాక, చివరి రెండు సీజన్లూ సొంత ఊరి జట్టుకే ఆడతానని తిరిగొచ్చాడు. ఊరంతా ఒకటే చప్పట్లు. మా మైరె అక్కకి ఆ రోజునుంచీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ప్రతి నవంబరులోనూ పన్నుల జాబితా బయటపడే రోజొకటి ఉంది. నిరుడు ఎవరి సంపాదన ఎంతో ఊరి పేపరు వరసగా అచ్చేస్తుంది. ఆ పొద్దున ఊళ్ళో ఎవరూ పని చెయ్యరు. కాఫీ తాగుతూ పక్కింటివాడి జీతం చదివి కుళ్ళుకుంటారు. ఓత్సో వచ్చిన ఏడాది ఆ జాబితాలో మొదటి పేరు పళ్ళ డాక్టరు కోర్పిది. మావాడిది పద్దెనిమిదోది. దానికి కారణం పెద్ద రహస్యమేం కాదు. ఆటగాళ్ళకి ఒక నిధి ఉంటుంది. ఆడే రోజుల్లో సంపాదన అందులో వేసుకుంటే, ఆట మానేశాక కొంచెం కొంచెంగా తీసుకోవచ్చు, తొందరైతే ముందే తీసుకోవచ్చు. తీసేదాకా పన్నూ పడదు, జాబితాకీ ఎక్కదు. బుర్ర ఉన్నవాడైతే దానికి సంతోషిస్తాడు. వీడికి మూడు రోజులు ముద్ద దిగలేదు. పళ్ళు పీకేవాడు తనకన్నా పైన! ఆ డిసెంబరులోనే నిధిలో ఉన్నదంతా ఊడ్చి బయటికి తీశాడు. దాదాపు సగం పన్నుకి పోయింది. పోతే పోయింది, ఈ నవంబరు జాబితాలో మొదటి పేరు ఓత్సో లెహ్తోవోరి. అక్క ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు. తిప్పలు నెల తిరక్కుండానే వచ్చాయి. కాకపోతే అవి వచ్చింది నా నెత్తి మీదికి.

నేను బడి పిల్లల టాక్సీ నడుపుతాను. అడవి అంచున విడివిడిగా ఉన్న ఇళ్ళనుంచి తొమ్మిది మందిని పొద్దున్నే బడికి చేర్చి, మధ్యాహ్నం మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపుతాను. మా ఆయన పోయి ఏడేళ్ళయింది. మునిసిపాలిటీ వాళ్ళు ఏడాదికోసారి కాంట్రాక్టు రాసిస్తారు, దాని మీదే నా బతుకు.

డిసెంబరు ఆరున, మా దేశపు స్వాతంత్ర్య దినం నాడు, అక్క భోజనానికి పిలిచింది. నా బండి గ్యారేజీలో ఉందని ఓత్సో తన కారులో తీసుకెళ్ళడానికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నమైనా చలికాలపు ఎండ నేలబారుగా ఎదురుగా కళ్ళలోకి కొడుతోంది. ఎనభై దాటకూడని రోడ్డు మీద ముల్లు నూట ముప్పై దాటింది.

"నెమ్మదిగా పోనీరా, తారు మీద మంచు గడ్డ కట్టి ఉంది" అన్నాను.

"పిన్నీ, బండంటే ఇదీ. నీ పిల్లల టాక్సీలాగా ఈడ్చుకుంటూ పోవాలా?"

"నా టాక్సీలో ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు కూడా బతికే ఉంటార్రా."

వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే రోడ్డు పక్క స్తంభం మీదున్న కెమెరా తళుక్కుమంది. అప్పుడూ నవ్వాడు.

పది రోజులకి పోలీసుల కాగితం వచ్చింది. కారు నడిపింది ఎవరో స్టేషన్‌కి వచ్చి చెప్పాలట. అక్క నన్ను కాఫీకి పిలిచింది. వంటింటి బల్ల మీద యాలకుల బన్నులు, పొగబెట్టిన చేప ముక్కలు, నాకు ఇష్టమైన చీజు కూడా ఉంది. నా పుట్టినరోజుకి కూడా ఇంత ఎప్పుడూ పెట్టలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఓత్సో ఫొటో నా ముందుకి తోశాడు. "చూడు పిన్నీ. ఎండకని అద్దం పైనున్న పలక దించుకున్నాను, కళ్ళు కనపడట్లేదు. గడ్డం దాకా జట్టు మఫ్లరు, నెత్తిన జట్టు టోపీ. ఆ రోజు నువ్వూ అవే వేసుకున్నావు."

"వేసుకుంటే?"

"కారు నువ్వే నడిపావని చెప్పు."

నేను బన్ను కింద పెట్టేశాను. వాడు తల దించుకుని మఫ్లరు అంచు పీక్కుంటూ కూర్చున్నాడు. మిగతాది అక్క అందుకుంది. "మరేం లేదే సిర్కా, జరిమానా సంపాదనని బట్టేగా. వాడికైతే నలభై ఆరు వేల యూరోలు పడుతుంది. నీకైతే వెయ్యి. ఆ వెయ్యీ మేమే కడతాం. పైన ఐదు వేలు నీ చేతిలో పెడతాం."

"లైసెన్సో?"

"దానికేముందే, నాలుగు నెలలు. ఇంట్లో కూర్చుని మేజోళ్ళు అల్లుకో."

"లైసెన్సు పోతే కాంట్రాక్టు పోతుందక్కా. యాభై ఎనిమిదేళ్ళదాన్ని, మళ్ళీ ఎవరు పిలిచి ఇస్తారు?"

"ఎప్పుడూ నీ గోల నీదే! వాడు ఈ ఊరికి ఎంత చేశాడు!"

"ఏం చేశాడక్కా? ఊళ్ళోకొచ్చి కారు హారన్ కొట్టుకుంటూ తిరిగాడు."

అక్క ఏడుపు మొదలెట్టింది. అమ్మ బతికుంటే ఇలా అనేదానివా అంది. చిన్నప్పుడు నా జ్వరానికి తను బడి మానేసి కూర్చున్న సంగతి కూడా తీసింది. ఓత్సో లేచి వచ్చి నా కుర్చీ పక్కన ఆ అరిగిన మోకాలి మీదే కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నాకంతా తెలుస్తూనే ఉంది. అయినా సరేనన్నాను. ఎందుకన్నానంటే, నాకున్నది ఆ అక్క ఒక్కతే. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్‌కి వెళ్ళాం. ఓత్సో బయట బెంచీ మీద కూర్చుని, ఎవరో అడిగితే టోపీ మీద సంతకం పెడుతున్నాడు. లోపల బల్ల దగ్గర కానిస్టేబుల్ పియా రాంతా ఉంది. వాళ్ళ అమ్మాయి ఆవా నా టాక్సీలో ముందు సీటు కోసం రోజూ గొడవ పడుతుంది.

"నడిపింది మీరేనా అక్కా?"

"ఆఁ" అన్నాను. 

పియా నెల ఆదాయం అడిగింది, చెప్పాను. తన కంప్యూటరులో చూసుకుంది. ఓ కాగితం తీసి నా ముందు పెట్టింది. "ఇక్కడ సంతకం. లైసెన్సు ఇవాళే ఇచ్చి వెళ్ళాలి."

సంచీలోంచి కార్డు తీశాను. బల్ల మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ముప్పై ఐదేళ్ళుగా మంచులో, వానలో, చీకట్లో నడిపాను. ఒక్క పిల్లకి గీటు పడలేదు, ఒక్క జరిమానా లేదు. ఇదంతా ఆ టోపీ మీద సంతకాలు పెట్టేవాడి కోసమా?

"నేను కాదు. వాడే" అన్నాను.

"తెలుసక్కా. ముల్లు నలభై దాటితే అది మీ బండే కాదని మా ఆవా వెక్కిరిస్తుంది మిమ్మల్ని." ఆ కాగితం చింపేసి ఓత్సోని లోపలికి పిలిచింది.

వాడు నా వంక చూసిన చూపు నేను మర్చిపోను. నేనేదో వాడి జేబు కొట్టినట్టు చూశాడు. పియా మాత్రం తన పని తను చేసుకుపోయింది. "నిరుటి ఆదాయం చాలా పెద్దదిగా చూపిస్తోంది. ఇది ఏటా వచ్చేదా, నిధి నుంచి ఒక్కసారి తీసిందా? ఒక్కసారిదే అయితే ఈ గడిలో రెండు ముక్కలు రాయండి. ఇప్పటి జీతం మీదే లెక్క కడతారు. ఆరు వేల దగ్గర ఆగుతుంది."

నలభై ఆరు ఆరవుతుంది! నాకే ప్రాణం లేచొచ్చింది. వాడి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"తెలుసు. మా లెక్కలాయన చెప్పాడు" అన్నాడు.

"మరి రాయండి."

"ఈ కాగితం ఎవరడిగినా చూపిస్తారా?"

"చూపిస్తాం. పేపరువాళ్ళు నెలనెలా వచ్చి చూసుకుంటారు."

"అయితే రాయను."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఏరా, ఈ సంగతి నీకు ముందే తెలుసా? బన్నులు పెట్టినప్పుడే తెలుసా?"

"పిన్నీ, రాస్తే ఊరంతా ఏమంటారు? నిధి ఊడ్చి జాబితా ఎక్కాడంటారు. కోర్పి ఆ ముక్క కత్తిరించి క్లినిక్‌లో గోడకి పెట్టుకుంటాడు."

"పళ్ళ డాక్టరు నవ్వుతాడని నా కూడు అడిగావా?"

"నీకు చెప్పినా తెలీదులే. నువ్వెప్పుడూ జాబితాలో లేవుగా."

పియా తల వంచుకుని కంప్యూటరులోకి చూస్తూ కూర్చుంది. వాడు ఆ గడి ఖాళీగానే వదిలి, నలభై ఆరు వేలకి సంతకం పెట్టాడు. ఎంత వయ్యారంగా పెట్టాడంటే, అది కూడా ఏదో టోపీ అనుకున్నట్టున్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "జరిమానా ఎంతో పేపర్లో వేస్తారు కదండీ?" అని పియాని అడిగాడు.

వేశారు. జిల్లాలో ఇంతకు ముందెన్నడూ పడనంత పెద్ద జరిమానా అని మొదటి పేజీలో, వాడి బొమ్మతో సహా. ఆ వారం మ్యాచ్‌లో వాడు మంచు మీదికి రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. రోడ్డు మీద మనుషుల్ని చంపబోయినందుకు! ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుంది మా ఊరి సంబడం.

పేపరు వచ్చిన మర్నాడు పొద్దున అక్క ఫోను చేసింది. తిడుతుందని గట్టిగా ఊపిరి తీసుకుని ఎత్తాను. గొంతు తేనెలా ఉంది.

"ఒసేయ్ సిర్కా, చూశావా పేపరు? ఐదు కాపీలు కొన్నాను. నువ్వు ఒప్పుకుని ఉంటే వాడికి ఈ పేరెక్కడిదే? దేవుడే నీ నోట నిజం చెప్పించాడు. క్రిస్మస్‌కి వచ్చెయ్, పంది తొడ పెద్దది తెచ్చాను."

"అక్కా, నేను సంతకం పెట్టి ఉంటే ఇవాళ నా గతేమిటి?"

అటువైపు పేపరు మడతపెడుతున్న చప్పుడు వినిపించింది. పాపం, నిజంగానే ఆలోచించిందనుకుంటాను.

"అబ్బ, పెట్టలేదుగా! ఇంకేంటి నీ బాధ?"

ఫోను పెట్టేశాను. ఏడుపొస్తుందనుకున్నాను కానీ రాలేదు, అసహ్యం వేసింది. ఆ క్రిస్మస్‌కి ఒక్కదాన్నే కూర్చుని బియ్యం జావ వండుకుని తిన్నాను.