హంసిక రాసిన లెటర్

ఈమెయిల్ వచ్చినప్పుడు హంసిక లంచ్ లైన్‌లో ఉంది. ఒక పెద్ద యూనివర్సిటీ ఇచ్చే పూర్తి స్కాలర్‌షిప్‌కి వాళ్ళ స్కూలు ఏడాదికి ఒక్కరినే పంపుతుంది. ఆ ఒక్కరిని ఎంచుకోవడానికి వేసిన లిస్టులో రెండు పేర్లున్నాయి: దేవ్, ప్రణవి. వేలితో ఇంకా కిందికి జరిపి చూసింది. కింద ఏమీ లేదు.

అల్ఫారెట్టా ఊరు దాటాక చెట్ల మధ్య ఉండే ఆ ప్రైవేటు స్కూల్లో హంసిక ఆరో క్లాసు నుంచీ చదువుతోంది. ప్రణవి తొమ్మిదిలో వచ్చి చేరింది. అక్కడ టీచరు నిలబడి పాఠం చెప్పరు. కోడిగుడ్డు ఆకారపు పెద్ద బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుని పిల్లలే మాట్లాడుకోవాలి. మాట్లాడినదానికి మార్కులు. మొదటి నెలంతా ప్రణవి నోరు విప్పలేదు. మెట్ల కింద ఒక్కతే కూర్చుని పులిహోర తింటుంటే చెయ్యి పట్టుకుని తన టేబుల్‌కి లాక్కొచ్చింది హంసికే. "సమాధానం చెప్పాలని చూడకు. ఒక ప్రశ్న అడుగు, చాలు" అని కిటుకు చెప్పిందీ హంసికే. ఇప్పుడు ప్రణవి మాట్లాడితే టీచర్లు పెన్ను తీసి రాసుకుంటున్నారు.

"ప్రణవి పేరు వచ్చిందటగా! వాళ్ళమ్మ స్రవంతి ఫోన్ చేసింది," అంది ఆ సాయంత్రం తల్లి రజిని, డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ.

"లిస్టే అమ్మా. ఇంకా సెలెక్ట్ చెయ్యలేదు."

"అదే, లిస్టు. ఆ పిల్ల నిన్నగాక మొన్న వచ్చింది. నువ్వు ఆరు నుంచీ ఉన్నావు. నీకేం తక్కువైందే?"

హంసిక ఫ్రిజ్ తెరిచి, ఏమీ తీయకుండానే మూసేసింది. నీకేం తక్కువైందన్న ప్రశ్న మధ్యాహ్నం నుంచీ తనూ వేసుకుంటోంది. అమ్మ నోట అది ఇంకా అసహ్యంగా వినిపించింది.

మర్నాడు పార్కింగ్ లాట్‌లో ప్రణవి కారు దిగుతూనే అంది, "ఏయ్, నా పీర్ లెటర్ నువ్వే రాయాలి."

లిస్టులో ఉన్న ప్రతివాళ్ళ గురించీ తోటి విద్యార్థి ఒకరు ఒక పేజీ రాయాలన్నది ఆ స్కూలు ఆనవాయితీ. టీచర్ల లెటర్ల కన్నా ఎంపిక చేసే కమిటీ దాన్నే ముందు చదువుతుందని అందరూ చెప్పుకుంటారు.

"నేనెందుకు? దేవ్ వాళ్ళ టీమ్ కెప్టెన్‌ని అడిగాడట. నువ్వూ అలాంటివాళ్ళని ఎవర్నన్నా అడుగు."

"వాళ్ళు ఊరికే పొగుడుతారు. నువ్వు పొగడవు. నా బయాలజీ ప్రాజెక్ట్ చూసి చెత్తలా ఉందని మొహం మీదే అన్నావు చూడు, అలా ఇంకెవరంటారు?"

"నిజంగానే చెత్తలా ఉంది."

"అందుకే నువ్వు!"

బుధవారం హంసిక లెటర్ రాసింది. ఎలా రాయకూడదో ఆమెకి బాగా తెలుసు. కిందటేడు కౌన్సెలర్ మిస్ హాలిస్ ఒక పూట కూర్చోబెట్టి మరీ నేర్పింది: "హార్డ్‌వర్కింగ్ అని రాయకండి. మనకి తెలియనివాళ్ళ గురించి రాసే మాట అది." హంసిక ఆ మాట రెండుసార్లు రాసింది. ప్రణవి టైమ్‌కి వస్తుందంది. హోంవర్క్ ఎగ్గొట్టదంది. ఒక్క అబద్ధం లేదు. కింద స్కూలు ప్రమాణం, 'ఇది నిజాయితీగా రాశాను' అన్న వాక్యం పక్కన సంతకం చేసి పంపేసింది. చేశాక హాయిగా అనిపించింది. ఆ హాయికి కొంచెం భయమూ వేసింది.

గురువారం ఇంగ్లీషు క్లాసులో వర్ష అనే కొత్తమ్మాయి ఏదో చెప్పబోయి మూడుసార్లు ఆగిపోయింది. ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం వచ్చారు. ప్రణవి తను ఎత్తిన చెయ్యి దించేసింది.

"వర్ష ఏదో అనబోయింది," అంది. తర్వాత ఆమె వైపు ఒరిగి మెల్లగా చెప్పింది, "సమాధానం అక్కర్లేదు. ఒక ప్రశ్న అడుగు, చాలు."

హంసిక పెన్సిల్ ఆగిపోయింది. ఆ మాటలు తనవి. తను ఒక్కసారి, ఒక్కరికి చెప్పి మర్చిపోయింది. ప్రణవి దాచుకుని అందరికీ పంచుతోంది. తన మార్కు వదులుకుని మరీ. ఇలాంటివి ఇదివరకు ఎన్ని చూసింది! చూసి, ఒక్కటీ రాయలేదు.

లెటర్లు మిస్ హాలిస్ దగ్గర్నుంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి కమిటీకి వెళ్తాయి. పదకొండింటికి క్యాల్‌క్యులస్ క్విజ్ ఉంది. హంసిక క్విజ్‌కి వెళ్ళలేదు. మిస్ హాలిస్ గది తలుపు కొట్టింది.

"నా లెటర్ వెనక్కి కావాలి."

"అందులో ఏమన్నా తప్పుందా?"

"తప్పేం లేదు. నాకు తెలిసింది మాత్రం అందులో లేదు."

మిస్ హాలిస్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నేనూ చదివాను. నువ్వు వస్తావేమోనని చూస్తున్నాను," అని ఆ కాగితం వెనక్కిచ్చి, ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "పన్నెండుకి నాలుగు నిమిషాల ముందు నాకివ్వాలి."

హంసిక మెట్ల కింద పులిహోర డబ్బాతో మొదలుపెట్టింది. దించేసిన చెయ్యి దగ్గర ఆపింది. రాస్తున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది. ప్రతి వాక్యం ప్రణవిని ఇంకో మెట్టు ఎక్కిస్తోంది, ఎక్కిస్తున్నది తన చెయ్యే.

సోమవారం అసెంబ్లీలో ప్రణవి పేరు చదివారు. అందరితో పాటు హంసికా లేచి చప్పట్లు కొట్టింది.

ఇంటికెళ్తూ కార్‌లో ప్రణవి అడిగింది, "ఇంతకీ ఏం రాశావే?"

"చెప్పను."

"అంత దారుణంగా రాశావా?"

"మొదట దారుణంగానే రాశాను."

ప్రణవి పకపకా నవ్వింది. సిగ్నల్ దగ్గర కారు ఆపి, ఇటు తిరిగి హంసిక మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నిజమా?"

"ఊఁ. తర్వాత మార్చాను."

గ్రీన్ లైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాక గానీ ప్రణవి కదల్లేదు. రెండు వీధులు దాటాక అడిగింది.

"శుక్రవారం క్విజ్‌కి రాలేదు. అందుకేనా?"

"అందుకే."

"నీకు మళ్ళీ ఎప్పుడు పెడతారు?"

"గురువారం."

ప్రణవి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. గొంతులో ఇంకా కోపం ఉంది. "రేపు లంచ్‌కి నోట్స్ తెస్తాను. చదువుదాం."

తన గురించి ఎవరన్నా అలా రాసుంటే ఈ మాట తన నోటికి వచ్చేది కాదని హంసికకి తెలుసు. అది తెలిసి మళ్ళీ కుళ్ళు పుట్టింది. కిటికీ వైపు తిరిగి, "సరే," అంది.