ఎలీసెయో పిల్లల గుండెలు

విల్మర్ గుండె గోడ మరీ మందంగా బలిసిందనీ, ఇక పందెపు సైకిల్ తొక్కితే ప్రాణానికే ముప్పనీ తున్హా పట్నంలో డాక్టరమ్మ చెప్పినప్పుడు, అతని తండ్రి ఎలీసెయో నవ్వాడు.

"మావాడిది పెద్ద గుండె డాక్టరమ్మా. అందుకేగా కొండెక్కేటప్పుడు ఒక్కడూ వీడి వెనక చక్రాన్ని అందుకోలేడు!"

"సాధనతో పెరిగే గుండె వేరు. ఇది రోగంతో బలిసింది. వంశంలో వస్తుంది, మీ చిన్నమ్మాయికి కూడా చూపించండి."

ఆ చిన్నమ్మాయి నూబియాకి పదహారేళ్లు. తలుపు పక్కన నిలబడి అంతా వింది. తిరుగు బస్సులో తనకెప్పుడు చూపిస్తావని అడిగితే, "చూపించకపోతే ఏ రోగమూ లేనట్టే" అని తండ్రి కిటికీ వైపు తిరిగాడు.

ఆ ఆదివారమే విల్మర్‌ని పందెంలోకి దింపాడు. ఆఖరి మలుపులో కుర్రాడు హ్యాండిల్ మీదికి ఒరిగి, అలాగే రోడ్డు మీద పడిపోయాడు. నూబియా పరుగెత్తి అన్న తల ఒళ్లో పెట్టుకుంది. అతని కాళ్లు ఇంకా తొక్కుతున్నట్టే కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. ఎలీసెయో వచ్చి ముందు సైకిల్ లేపి, చక్రం వంగిందేమో తిప్పి చూశాడు.

ఖననమయ్యాక బెల్లం నీళ్లు తాగుతూ పక్కింటి రోసెండో అన్నాడు: "పోనీలే, ఇంట్లో ఇంకో జత కాళ్లున్నాయిగా!" ఎవరూ నవ్వలేదు. ఎలీసెయో మాత్రం కూతురి కాళ్ల వైపు చూశాడు. మర్నాడే విల్మర్ సైకిల్ సీటు ఆ పిల్ల ఎత్తుకి దించాడు.

నూబియా బాగా తొక్కేది. ఆ పిల్లకి అదంటే ఇష్టం కూడా. కానీ కొండ ఎక్కుడు వచ్చినప్పుడల్లా గుండె దడదడలాడితే, ఇదేనేమో అని ఒళ్లు చల్లబడేది. ఆ భయం భరించలేక ఒకరోజు చెప్పకుండా తున్హా వెళ్లింది.

"నీకేం లేదమ్మా, గుండె నిక్షేపంలా ఉంది" అంది డాక్టరమ్మ.

సంతోషంగానే ఇల్లు చేరింది. పెరట్లో తండ్రి గొలుసుకి నూనె రాస్తున్నాడు. ఆ వంగిన వీపు చూడగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాన్నా, డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. అన్నకున్నదే నాకూ ఉందంట."

ఎలీసెయో గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మంచిపని చేశావ్. డిసెంబరు పందెం అయ్యేదాకా నోరెత్తకు."

"ఈలోగా చచ్చిపోతే?"

"మీ అన్న పోయేలోపు ఎన్నో పందేలు గెలిచాడే. నువ్వింకా ఒక్కటి కూడా గెలవలేదు."

నూబియా లోపలికెళ్లి బట్టలు మూట కట్టుకుంది. సొగమోసోలో మేనత్త రొట్టెల బట్టీకి ఆ సైకిల్ మీదే వెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఎలీసెయో రోసెండోని పంపాడు, కూతురి కోసం కాదు, సైకిల్ కోసం.

"అమ్మాయ్, మీ నాన్న ఊరూరా చెప్తున్నాడు, నీ గుండె పుచ్చిందని. ఇక ఏ జట్టువాళ్లూ నిన్ను గడప తొక్కనివ్వరు" అన్నాడు రోసెండో.

నూబియా పిండి చేతులతోనే సైకిల్ బయటికి తెచ్చి ఇచ్చింది. నిజం చెప్పలేదు.