చెంగమ్మ ముక్కు మీది పురుగు

దామోదర్ పదకొండో రోజు కర్మ జరిగిన నాడే అతని అగ్గిపెట్టె ఖాళీ అయింది. అందులో ఉండేది కందిపప్పు బద్దలో సగమైనా లేని పురుగు. ఒళ్లు మెత్తన, రంగు మాత్రం లోహంలా మెరిసే పచ్చన. రామకుప్పం దగ్గర రాగి కంకి మీద అదొక్కటే దొరికింది. అట్టముక్కకు అంటించి, ఊరూ తేదీ రాసి, పేరు దగ్గర ఖాళీ ఉంచాడు. బెంగళూరులోని పురుగుల నిపుణుడికి పంపేలోగా పోయాడు.

అతని భార్య మాలతి మదనపల్లె బడిలో టీచరు. వారం రోజులు ఇంట్లో ఎవరినీ చీపురు పట్టనివ్వకుండా వెతికింది. అట్టముక్క తప్ప ఏమీ దొరకలేదు.

నెల తిరిగాక కుప్పం నుంచి పెద్దమ్మ చెంగమ్మ వచ్చింది. ఆమె ముక్కు మీద పురుగు ఉంది.

"పెద్దమ్మా, ఆ పుడక..."

"నీదే తల్లీ. కర్మ పొద్దు నువ్వు తీసి పెట్టింది. రాయి ఊడిపోయుండె గదా, అగ్గిపెట్టెలో అట్టకు అతుక్కొని కనపడింది, పీకినా. పుంగనూరులో ఆచారి మునిరాజు దగ్గర పెట్టించినా. రాయి మెత్తగుండాదే అన్నాడు. పాతకాలం రాయి అట్లే ఉంటాది, పైన అద్దం బిగించప్పా అన్నాను."

"అది రాయి కాదు, పురుగు."

చెంగమ్మ రెండు కళ్లూ ముక్కు మీదికి తిప్పుకుంది. "పురుగా? ఇది పెట్టుకున్నాంక నా తలనొప్పి పోయిండాదే!"

మాలతి నిపుణుడికి వీడియో కాల్ చేసింది. మగదైతే రెక్కల కొసన చిన్న గుంట ఉంటుందని, అది చూస్తేనే ఏ జాతో చెప్పగలనని అన్నాడాయన. చెంగమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మాలతి భూతద్దం మీద ఫోను ఆనించింది.

"కొంచెం ఎడమకు తిరగండమ్మా," అన్నాడు నిపుణుడు.

"యాలప్పా, పెండ్లిచూపులా?" అని చెంగమ్మ తుమ్మింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. మళ్లీ చూశాడు. రెక్కల కొసలు సరిగ్గా బంగారు అంచు కింద ఉన్నాయి.

"తియ్యి పెద్దమ్మా."

"తీస్తా. పురుగు నువ్వు తీసుకో, ఉత్త పుడకైనా సరే, నీ ముక్కున పెట్టుకో. పెట్టుకుంటానంటే ఇప్పుడే తీస్తా. ఎవరేమంటారో నేనూ సూస్తా."

మాలతి భూతద్దం దించింది. ముక్కు రంధ్రం పూడిపోకుండా ఆమె రోజూ వేపపుల్ల పెడుతూనే ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"సూద్దాంలే," అంది మాలతి.

చెంగమ్మ సాయంత్రం బస్సుకు కుప్పం వెళ్లిపోయింది, పురుగుతో సహా. అట్టముక్క మీద పేరు ఇంకా రాయలేదు.