చివరి బెంచీ పీరియడు

నాలుగు గంటలలోపు నిహారికను ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తరం రాయాలని మా కరస్పాండెంటు వెంకటేశ్వరరావు గారు పొద్దున్నే ఫోన్ చేశారు. స్కూలు ఆయనది. ఉత్తరం మీద సంతకం ప్రిన్సిపాల్‌ది, అంటే నాది.

నిహారిక చేసిన నేరం పెద్దదేమీ కాదు. తల్లిదండ్రుల ముందు జరిగే ఓపెన్ క్లాసుకి ఏడో తరగతి పిల్లలచేత ముందుగానే రిహార్సల్ చేయించింది. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఏం చెప్పాలో పంచిపెట్టింది. అంతా సాఫీగానే సాగుతుండగా పూజిత జవాబు మరిచిపోయింది. ఆ పిల్ల రెండు సీరియళ్లలో నటించింది. ఏమాత్రం కంగారుపడకుండా, షూటింగులో టేకు తప్పినప్పుడు అన్నట్టే, "వన్ మోర్ మేడమ్!" అని కూర్చుని, మళ్లీ మొదటినుంచి లేచి నిలబడింది. తల్లిదండ్రులు పగలబడి నవ్వారు. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది.

"మన పరువు బజారున పడిందండీ లీలాకుమారి గారూ. ఆ అమ్మాయి మనకొద్దు," అన్నారాయన.

కోపం నా ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్‌రూములో చెప్పుకుంటారు. నాకూ నిహారిక మీద ఒళ్లు మండింది. ఉత్తరం మొదలుపెట్టాను కూడా. రెండో వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, ఇదే స్కూల్లో, ఇదే పని నేనూ చేశాను మరి.

అప్పుడు ఈ నాలుగంతస్తులు లేవు. ఫిల్మ్‌నగర్ బండల మధ్య ఆరు గదుల రేకుల షెడ్డు. మేము భీమవరం నుంచి వచ్చి ఏడాది కాలేదు. తనిఖీకి అధికారి వస్తున్నారనగానే హడలిపోయి, పిల్లలకు ప్రశ్నలూ జవాబులూ పంచి బట్టీ పట్టించాను. ఆయన నా వరస తప్పించి గీతికను లేపి, గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగారు. వాళ్లమ్మ జూనియర్ ఆర్టిస్టు. సెలవుల్లో పిల్ల కూడా షూటింగులకు వెళ్లేది. ఏమాత్రం బెదరకుండా చెప్పింది.

"ఆ డైలాగు నాది కాదు సార్, భూలక్ష్మిది."

సిగ్గుతో చచ్చిపోయాను. మా హెడ్‌మిస్ట్రెస్ శ్యామలాదేవి గారు మాత్రం నన్ను తిట్టలేదు. మర్నాడు పిలిచి, "రెండో పీరియడు ఆరో తరగతికి నేను లెక్కలు చెప్తాను. నువ్వొచ్చి చివరి బెంచీలో కూర్చుని నా తప్పులు రాసివ్వు," అన్నారు. కొత్త టీచరు తడబడినప్పుడల్లా ఆవిడ పద్ధతి అదేనట.

నేను బుద్ధిమంతురాలిలా "చాలా బాగుంది మేడమ్" అని రాసిచ్చాను. ఆవిడ కాగితం వెనక్కి ఇచ్చేశారు.

"నలభై నిమిషాలు చూసి ఇదా రాసేది? ముఖస్తుతి నేర్చుకోమనా అమ్మా నిన్ను కూర్చోబెట్టింది? రేపు మళ్లీ రా."

రెండో రోజు తెగించి రాశాను, కిటికీ పక్క పిల్లలను మీరు ఒక్కసారి కూడా అడగలేదని. ఆవిడ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "నిజమే సుమా," అన్నారు. మరుసటి రోజు నుంచి ఆ కిటికీ దగ్గరే నిలబడి పాఠం చెప్పారు. పాతికేళ్ల అనుభవమున్న మనిషి నిన్నగాక మొన్న వచ్చిన నా మాట విన్నారు! నేను టీచర్నయింది ఆ రోజే. తర్వాత బంజారా హిల్స్ హోటళ్లలో నాయకత్వం మీద ఎన్ని శిక్షణలకు వెళ్లానో, ఎన్ని సర్టిఫికెట్లు గోడకెక్కించానో. వాటిలో ఒక్కటీ ఆవిడ 'నిజమే సుమా' అంత నేర్పలేదు.

ఉత్తరం పక్కన పెట్టి నిహారికను పిలిపించాను. రహమత్ నగర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చే పిల్ల. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"తప్పైంది మేడమ్. అందరి ముందు పిల్లలు ఆగమైతరని గట్ల చేసిన. నన్ను తీసేస్తున్నరట గదా?"

"అది నాలుగింటికి చూద్దాం. ఇప్పుడు నీ క్లాసుకి నేను పాఠం చెప్తాను. నువ్వు చివరి బెంచీలో కూర్చుని నా తప్పులు రాయి."

"మీ తప్పులా మేడమ్?"

"నావే. బాగుందని రాశావంటే ఊరుకోను."

ప్రిన్సిపాల్‌నయ్యాక ఆరేళ్లలో చాక్‌పీసు పట్టడం అదే మొదలు. భిన్నాలు చెప్పాను. పిల్లలు నవ్వారు, చేతులెత్తారు. శ్యామలాదేవి గారు చూసుంటే మెచ్చుకునేవారు అనుకుంటూ, చేతులు దులుపుకుని బయటికొచ్చాను. నిహారిక కాగితం అందించింది. రెండే వాక్యాలున్నాయి.

"మేడమ్ పిల్లలను 'కళ్లజోడు', 'నీలం రిబ్బను', 'నువ్వే, నువ్వే' అని పిలిచారు. మేడమ్‌కి ఒక్కరి పేరూ తెలియదు."

చుర్రుమంది. తల ఎత్తి చూశాను. ఆ పిల్ల భయంతో గోడకు ఆనుకుని నిలబడింది.

"రాయరానిది రాసిన్నా మేడమ్?"

"నిజమే సుమా," అన్నాను. కళ్లనీళ్లు ఆగలేదు.

నాలుగింటికి కరస్పాండెంటు గారికి ఉత్తరం పంపాను. "ఇదే తప్పు చేసిన నన్ను ఆనాడు తీసేసి ఉంటే మీకీ ప్రిన్సిపాల్ ఉండేది కాదు. ఆ అమ్మాయిని తీసేయాలంటే ముందు నా రాజీనామా తీసుకోండి," అని రాశాను. వెంటనే ఫోన్ మోగింది.

"ఏంటండీ ఈ బెదిరింపు?" చాలాసేపు విసుక్కున్నారు. చివరికి, "సరే, మీ పూచీ మీద ఉంచండి. మళ్లీ ఇలా జరిగితే ఇద్దరూ వెళ్తారు," అన్నారు.

ఆ సాయంత్రం హాజరుపట్టీ ఇంటికి తెచ్చుకుని ముప్ఫై ఎనిమిది పేర్లు బట్టీ పట్టాను. సోమవారం మొదటి పీరియడు ఏడో తరగతికి వెళ్లాను. నిహారిక చివరి బెంచీలో కాగితం పట్టుకుని కూర్చుంది. పూజితను పేరుతో లేపితే పిల్ల ముఖం వెలిగిపోయింది. అదే ఊపులో పక్క పిల్లవాణ్ని "చెప్పు రవిచంద్రా" అన్నాను.

"నేను సృజన్ మేడమ్."

క్లాసంతా ఒక్క క్షణం నా ముఖం చూసింది. తర్వాత ముప్ఫై ఎనిమిది గొంతులూ కలిసి అరిచాయి.

"వన్ మోర్ మేడమ్!"

నేను తలుపు దాకా వెనక్కి నడిచి, మళ్లీ లోపలికి వచ్చాను.