కాలర్ల లైనులో పూనకం

"కూర్చుని కుట్టే పనికి అంత అలుపేమిటే నీకు?" అన్నాడు మా ఆయన సారోన్, పొయ్యి ముందునుంచి నేను నడుం పట్టుకుని లేస్తుంటే. ఉయ్యాలలో పడుకున్న అత్తగారు అందుకుంది. "మేం పొద్దుగూకేదాకా నాట్లు వేసొచ్చి కూడా నవ్వుతూ వడ్డించేవాళ్ళం." నేనూ నవ్వాను. అన్నం, ఎండుచేపలు ముగ్గురికీ సర్ది, నావంతు సంచిలో వేసుకుని ట్రక్కెక్కాను. కంబోడియా రాజధాని నోం పెన్ శివార్లలోని బట్టల ఫ్యాక్టరీలకు మేం అలాగే వెళ్తాం, నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు కునుకు తీస్తూ.

మాది కాలర్లు కుట్టే లైను. కత్తెరలను బల్లలకు గొలుసులతో కట్టేసి ఉంచుతారు, ఎవరూ పట్టుకుపోకుండా అంటారు. మాలో ఏముందో వాళ్ళకు తెలుసు కాబోలు, అందుకే గొలుసులు అనిపించేది నాకు. అరవైమందికి బాత్రూమ్‌కి వెళ్ళనిచ్చే చీటీలు రెండే. అవి లైను పెద్ద వన్నరిత్ మెడలో వేలాడుతుంటాయి. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. అయినా నేను అతణ్ణి 'అన్నా' అనాలి. నా పేరు కుంథియా, అతను మాత్రం నన్ను 'ముప్పై రెండు' అంటాడు, అది నా మిషను నంబరు. కుట్టు వంకరపోతే కాలర్ల కట్ట మొహాన కొట్టి, "మొగుడి చొక్కా కూడా ఇలాగే కుడతావా?" అంటాడు. అప్పుడు నా దవడలు బిగుసుకుపోయేవి. వంగి తిడుతున్న అతని చెవి నా మొహానికి జానెడు దూరంలో ఉండేది. దాన్ని కొరికేయాలనిపించేది. మెత్తగా ఉంటుందా, కరకరలాడుతుందా అని కూడా ఆలోచించాను, సిగ్గు లేకుండా. ఆలోచిస్తూనే తల వంచి, "తప్పయింది అన్నా" అనేదాన్ని. ఇంటికొచ్చాక దవడ నొప్పికి అన్నం నమలలేకపోతే, "బయట ఏవేవో మేసి వస్తుంది" అనేది అత్తగారు.

ఆ బుధవారం నా పక్క మిషను లీహ మూడుసార్లు చీటీ అడిగింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగో నెల.

"పొద్దున వెళ్ళావుగా. అది కడుపా, చిల్లుకుండా?" అన్నాడు వన్నరిత్. ఎవరో నవ్వారు కూడా.

నాలుగోసారి అడగడానికి లేచిన లీహ నిలబడినచోటే తడిసిపోయింది. కింద మడుగు చూసుకుంది, నా వైపు చూసింది, కళ్ళు తేలేసి పడిపోయింది. వన్నరిత్ పరిగెత్తుకొచ్చాడు. "కాలర్లు! కాలర్లు తీయండి, తడిసిపోతాయి!" అని అరిచాడు. కాలర్లన్నీ పైకెత్తాక, బూటు మొనతో లీహ భుజాన్ని కదిపాడు. "లే, నాటకాలు చాలు."

నాకేమీ గుర్తుండదని తర్వాత అందరూ అనుకున్నారు. నాకంతా గుర్తుంది. మిషను ఆపేసి మరీ లేచాను. అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుని, మోచేతి కింద కండలో పళ్ళు దించాను. ఉప్పగా ఉంది, సబ్బు వాసన వేసింది. నా గొంతులోంచి వచ్చిన గుర్రు నేనెన్నడూ విన్నది కాదు.

"తాతొచ్చాడు! కుంథియాకి నెయక్ తా పూనాడు!" అని వెనక ఎవరో కేక పెట్టారు. ఫ్యాక్టరీ కట్టకముందునుంచీ గ్రామదేవతలా ఆ నేలను కాస్తున్న తాత ఆయన. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్ళందరూ కింద కూర్చుని దణ్ణాలు పెట్టారు. వన్నరిత్ కూడా మోకాళ్ళ మీద పడ్డాడు, చేతినుంచి రక్తం కారుతుండగానే. అప్పుడర్థమైంది నాకు. కుంథియా కరిస్తే పోలీసులొస్తారు. తాత కరిస్తే తప్పు లేదు.

గొంతు బొంగురు చేశాను. "ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకుపొండి. నా నేల మీద ఆడపిల్లలు చీటీలడుక్కోవడమేమిట్రా?"

మేనేజరు అగరొత్తులతో, కాల్చిన కోడితో వచ్చాడు. "అలాగే తాతా. ఆ చీటీలు ఇవాళే తీయించేస్తాను తాతా."

చీటీలు వద్దన్న అదే మాట ఆ ఏడాది మూడు అర్జీల్లో రాశాను, కింద నా పేరు పెట్టి. ఒక్కదానికీ జవాబు లేదు.

సోమవారం దాకా పనికి రానక్కర్లేదని నన్ను ఇంటికి తెచ్చి దింపారు. సారోన్ గిన్నెలు తోమాడు. అత్తగారు మంచినీళ్ళు రెండు చేతులా పట్టుకొచ్చి, "తాతగారు ఇంకా ఉన్నారా అమ్మా? ఏమైనా పుచ్చుకుంటారా?" అంది. పదకొండేళ్ళ కాపురంలో వేడన్నం నా ముందుకు రావడం అదే మొదలు. కంచం పక్కకి జరిపాను. ఆ అన్నం నాక్కాదు, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ముసలాయనకి. అవమానాలన్నీ నావి. కోపం మాత్రం ఒక మగవాడి పేరు మీద అరువు తెచ్చుకోవాలి. ఆ నాలుగు రోజులూ ఇంట్లో అందరూ నాకు భయపడ్డారు, ఒక్కరూ నన్ను చూడలేదు.

సోమవారం వన్నరిత్ నా మిషను దగ్గరకొచ్చాడు. చేతికి కట్టు. మెడలో రెండు చీటీలూ మళ్ళీ వేలాడుతున్నాయి.

"అక్కా," అన్నాడు మొట్టమొదటిసారి, గొంతు తగ్గించి. "తాత వెళ్ళిపోయాడు కదా? పూర్తిగా?"

ఇంకా ఉన్నాడంటే ఆ చీటీలు ఇంకో వారం కనబడవు. వెళ్ళిపోయాడంటే నేను మళ్ళీ ముప్పై రెండు. ఇక మిగిలిన జవాబు చెబితే సాయంత్రానికి ఉద్యోగం ఉండదు, ఇంట్లో వేడన్నమూ ఉండదు. పక్కన లీహ కుట్టడం ఆపింది.

"ఏ తాతా రాలేదు తమ్ముడూ," అన్నాను, లైనంతా వినబడేలా. "నిన్ను కరిచింది నేనే."